మోకాలిని నయం చేసిన డొక్కు సైకిలు

“ఎంత పెట్టాలి అని కాదే అడగాల్సింది. పోతే ఎలా ఉంటుంది అని అడుగు. సైకిలు పోయిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగాలి. ముద్ద దిగేంత డబ్బే పెట్టాలి. అంతకు మించి పెట్టావనుకో, అది సైకిలు కాదు, గుండెల మీద కుంపటి.”

“అంటే పాత ఇనుము కొనుక్కోమంటావా పెద్దమ్మా?”

“అలా అన్నానా? ఇంకా సగమే చెప్పాను. ముందా చివర పట్టుకో.”

చెల్లెలి కూతురు దుప్పటి చివర్లు రెండూ పట్టుకుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. ఆఫీసు బస్సుకి మరీ దగ్గర, కాళ్ళకి మరీ దూరం. సైకిలు కొందామని దుకాణాలన్నీ తిరిగింది. కొత్తది కొనమని ఒకరు, పాతది చాలని ఒకరు, సైకిలు సంగతి తర్వాత ముందు తాళానికి పెట్టమని ఇంకొకరు. అందరి మాటలూ విని తల దిమ్మెక్కి చివరికి ఇక్కడికొచ్చింది. సైకిలు పోగొట్టుకోవడంలో ఈ కుటుంబంలో పెద్దమ్మకున్నంత అనుభవం ఇంకెవరికీ లేదు మరి.

పెద్దమ్మ అన్నది ఈ పిల్లకే. పనిచేసే చోట ఆమె పేరు మడతక్క. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. ఉతికి, ఆరి, వేడి రోలర్ల మధ్య నుంచి అప్పడంలా బయటికొచ్చే దుప్పటిని ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుని, ఒక్కసారి దులిపి, లాగి, దగ్గరికొచ్చి చేతులు కలిపి, మళ్ళీ వెనక్కి జరగాలి. చూసేవాళ్ళకి అదేదో ఆటలా ఉంటుంది. రోజంతా ఆడితే నడుం సంగతి తెలుస్తుంది. ఇంట్లో కూడా ఎవరైనా ఖాళీ చేతులతో దొరికితే మడతక్క వదలదు. ఆ పూట ఆ పిల్ల దొరికింది.

కిటికీ దగ్గర బల్ల మీద వంగి మడతక్క భర్త సన్నటి కుంచెతో దేనికో రంగు వేస్తున్నాడు. ఘాటైన వాసన గదంతా పరుచుకుంది. ఆ ఇంట్లో అది కొత్త కాదు. ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పళ్ళ డాక్టర్లు నోటి కొలతలు పంపితే, మైనంతో చిగుళ్ళు పోసి, పళ్ళు పేర్చి, రంగులద్ది పంపిస్తాడు. వీధిలో అందరికీ ఆయన పళ్ళ మేస్త్రి.

“ఏం చేస్తున్నారు పెదనాన్నా?” అంది పిల్ల.

“పళ్ళు లేని దానికి పళ్ళు పెడుతున్నా” అన్నాడు తలెత్తకుండా.

“ఆయన్ని కదిలించకు, చెయ్యి వణుకుతుంది” అంది మడతక్క. “నాకూ ఒక మంచి సైకిలుండేదే. చిలకాకుపచ్చ రంగు. ముందు బుట్ట, వెనక క్యారేజీ, వేలితో అలా అంటే చాలు, వీధి చివర కుక్క కూడా పక్కకి తప్పుకునేంత గంట. ఎక్కువ పూటలు పనిచేసి మరీ కొనుక్కున్నాను.”

దాన్ని లాండ్రీ వెనక బాయిలరు గది గోడ పక్కన తాళం వేసి పెట్టేది. ఒక రోజు పని దిగి వచ్చేసరికి తెగిన తాళం నేల మీద, టిఫిను డబ్బా గోడ మీద. దొంగ బుట్టలోంచి డబ్బా తీసి, మూత ఊడకుండా, పక్కకి ఒరగకుండా జాగ్రత్తగా గోడ మీద పెట్టి, సైకిలు తీసుకెళ్ళాడు. మడతక్క డబ్బా పట్టుకుని ఏడుస్తూ నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

“డబ్బా వదిలేశాడంటే నీ వంట తెలిసినవాడే. బయటి దొంగ కాదు” అన్నాడు పళ్ళ మేస్త్రి, నవ్వించబోయి.

ఆమె నవ్వలేదు. ఆ పూట తినలేదు. మర్నాడు కూడా ఏదో తిన్నాననిపించింది. అప్పుడే పెట్టుకుంది ఒట్టు. ఇకమీదట ఎక్కితే డొక్కు సైకిలే ఎక్కుతాను, దొంగవాడు చూసి జాలిపడి ఏదైనా ఇచ్చి పోవాలి గానీ పట్టుకుపోకూడదు అని.

ఒట్టు పెట్టుకోవడం తేలికే. మధ్యలో మోకాలొకటి ఉంది. రోజంతా తడి నేల మీద నిలబడే పని. ఎడమ మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. ఆమె డ్యూటీ మొదలయ్యే వేళకి బస్సులుండవు. ఆసుపత్రి ఎత్తు మీద ఉంది. ఆ మెరక ఎక్కి వెళ్ళేసరికే మోకాలు ఉడికించిన దుంపలా ఉబ్బేది. సాయంత్రం పళ్ళ మేస్త్రి పీట మీద కూర్చుని, మందుల దుకాణంలో దొరికే పచ్చ సీసా నూనె రాసి మర్దన చేసేవాడు.

“మంచి సైకిలు కొంటానే. గేర్లున్నది. మెరక మీద కూడా కాలు నొప్పెట్టదు.”

“వద్దు. మళ్ళీ పోతే తట్టుకోలేను.”

“పోతే పోయింది...”

“పోయేది మీదైతే అలాగే అంటారు. నేను పనిలో ఉన్నంతసేపూ నా ప్రాణం ఆ గోడ దగ్గరే ఉండేది తెలుసా? దుప్పటి దులిపిన ప్రతిసారీ కిటికీలోంచి తొంగిచూసేదాన్ని. ఆ బాధ నాకొద్దు. డొక్కుది తెండి, తొక్కుతాను. లేదంటే నడుస్తాను.”

ఇద్దరూ మొండివాళ్ళే. ఆమె మొండితనం నోట్లో ఉంటే ఆయనది చేతుల్లో ఉంటుంది. ఇంకేం వాదించలేదు. కొన్నాళ్ళపాటు సెలవు రోజున కూడా పళ్ళు చేసే ల్యాబుకి వెళ్ళొచ్చాడు. ముసలివాళ్ళందరికీ ఒక్కసారే పళ్ళూడిపోయాయా ఏమిటని మడతక్క విసుక్కుంది. తర్వాత ఒక సాయంత్రం సైకిలొకటి నడిపించుకుంటూ వచ్చాడు.

“వంతెన కింద పాత సామాన్లవాడి దగ్గర దొరికింది. దాదాపు ఊరికే ఇచ్చాడు.”

మడతక్క దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఒళ్ళంతా తుప్పు. రంగు ఒకప్పుడేమిటో చెప్పడం ఆ సైకిలుకే కష్టం. మడ్‌గార్డు ఒకటి నలుపు, ఒకటి బూడిద రంగు. సీటుకి పాత వానకోటు ముక్క చుట్టి పురికొసతో కట్టారు. కదిపితే చైను కవరులో ఏదో గలగలమంటోంది. బోలెడంత సంతోషం వేసింది ఆమెకి.

“దీన్ని ముట్టుకున్న దొంగకి దొంగల్లో పరువుంటుందా?” అంది.

“ఉండదు” అన్నాడాయన గంభీరంగా. “హ్యాండిలు మీద చిన్న మర ఉంది చూడు. మెరక వచ్చినప్పుడు ఇటు తిప్పు. పాతకాలపు ఏర్పాటేదో. పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు.”

అది పనిచేసింది. మొదటి రోజే మెరక మీద దిగకుండా వెళ్ళిపోయింది మడతక్క. రెండో రోజు రొప్పు కూడా రాలేదు. వారం తిరిగేసరికి మోకాలి వాపు తీసింది. అంతగా గలగలలాడే ఇనుప ముక్కని ఇంత సులువుగా తొక్కుతున్నానంటే ఏమిటర్థం? తన మోకాలు బాగుపడింది. ఇన్నాళ్ళ మర్దన ఊరికే పోలేదు. పచ్చ సీసా నూనె పనిచేసింది!

ఇంత జరిగితే ఊరుకుంటుందా? లాండ్రీలో టీ తాగే వేళ చీర అంచు ఎత్తి అందరికీ మోకాలు చూపించింది. రోలరు దగ్గరామెకి నడుం నొప్పి, బండి తోసే ఆయనకి భుజం నొప్పి, సూపర్వైజరుకి మెడ. అందరూ పచ్చ సీసా కొన్నారు. కొన్నాళ్ళు ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆ నూనె వాసనే వేశాయి.

“మీ చేతిలో ఏదో మహత్యం ఉందండీ” అంది ఒక రోజు భర్తతో. ఆయన ఆమె మోకాలి మీద నుంచి చూపు తిప్పుకోకుండా, “నూనె మంచిది” అన్నాడు.

ఇక్కడిదాకా చెప్పి మడతక్క పిల్ల చేతిలోని దుప్పటి చివర్లు అందుకుంది.

“నాతో జతగా మడతపెట్టే పిల్ల ఒకతి ఉంది. పిచ్చుక అంటాం. ఇంతే ఉంటుంది, నోరు మాత్రం మూతపడదు. ఎదురుగా ఉన్న మనిషి ఎలా ఉందో దుప్పటే చెప్పేస్తుందే. బాగా నిద్రపోయి వచ్చిన రోజు లాగుడు బిగువుగా ఉంటుంది. మనసు బాగాలేకపోతే చివర్లు వంకరగా కలుస్తాయి. కొన్నాళ్ళుగా పిచ్చుక వైపు దుప్పటి జారిపోతోంది. ఏమే అంటే, ఏం లేదక్కా అంటుంది. నోరు మాత్రం అంతే, గలగల.”

ఏమీ లేకపోవడమేమిటి! పిచ్చుక మొగుడు ఎటో పోయాడు. చిన్నపిల్లని శిశుగృహంలో దింపి, అక్కడి నుంచి ఆసుపత్రికి నడిచి రావాలి. శిశుగృహం ఊరికి ఒక కొస, ఆసుపత్రి ఒక కొస. పిల్లని ఎత్తుకుని సగం దూరం, ఎత్తుకోకుండా సగం దూరం. ఎవరి దగ్గరా చెయ్యి చాపదు. అరువిచ్చిన గొడుగుని విరిగిన పుల్ల బాగుచేయించి మరీ తిరిగిచ్చే రకం.

మడతక్కకి నిద్ర పట్టలేదు. తనకేమో మోకాలు బాగైంది. ఇల్లు దగ్గర. నడవగలదు. మర్నాడు పని దిగాక పిచ్చుకని గోడ దగ్గరకి తీసుకెళ్ళింది.

“ఇది నువ్వు తీసుకో.”

“వద్దక్కా, నీకో?”

“నాకు కాళ్ళున్నాయి. వెనక క్యారేజీ మీద పిల్ల కూర్చోడానికి చిన్న సీటు కట్టించుకో. ఇదేమన్నా బంగారమా? దాదాపు ఊరికే వచ్చింది, ఊరికే పోతోంది.”

పిచ్చుక దాన్ని పైనుంచి కిందికి చూసింది. కళ్ళు తుడుచుకుని, “డొక్కుది కాబట్టి తీసుకుంటున్నానక్కా. మంచిదయితే ముట్టుకునేదాన్ని కాదు” అంది.

ఆ సాయంత్రం పళ్ళ మేస్త్రి వాకిట్లోకి వచ్చి అటూ ఇటూ చూశాడు.

“సైకిలేది?”

“ఇచ్చేశాను.”

“ఎవరికి?”

ఆమె చెప్పింది. ఆయన గడప మీద కూలబడ్డాడు. ఇచ్చినందుకు కోపమా అంటే తల అడ్డంగా ఊపాడు. మంచి పని చేశానా అంటే నిలువుగా ఊపాడు. అదేం ఊపుడో ఆమెకి అర్థం కాలేదు.

మెరక మాత్రం మొహమాటపడలేదు. నడక మొదలైన వారానికే మోకాలు మళ్ళీ దుంప. పచ్చ సీసా మొత్తం పోసినా దిగదు. మడతక్క బిత్తరపోయింది. లాండ్రీలో మొహం ఎలా చూపించాలి? బండి తోసే ఆయన అప్పుడే రెండో సీసా కొన్నాడు.

పళ్ళ మేస్త్రి ఇంకో సైకిలు తెచ్చాడు. ఈసారి నిజంగానే వంతెన కింద నుంచి. తుప్పు అదే, ధర కూడా అంతే. ఎక్కి కూర్చుంటే మాత్రం ఎడ్లు లేని బండి లాగినట్టుంది. మెరక మొదట్లోనే దిగిపోయింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. అదే దుకాణం, అదే ధర. మొదటిది దూదిపింజలా పోవడమేమిటి, ఇది ఇలా మూలగడమేమిటి? పాత సామాన్లవాడు తన మొగుణ్ణి అమాయకుణ్ణి చేసి ఆడిస్తున్నాడని కోపమొచ్చింది. సైకిలు నడిపించుకుంటూ వంతెన కిందికి పోయింది.

“మొన్న మా వారికి ఇచ్చినదానిలాంటిది ఇవ్వవయ్యా. మనిషి మెత్తగా ఉన్నాడని ఇష్టమొచ్చింది అంటగడతావా?”

“మీ వారు నా దగ్గర సైకిలు కొన్నది ఇదొక్కటే కదమ్మా” అన్నాడు వాడు.

“అబద్ధాలాడకు. అంతకుముందు కొనలా?”

“అంతకుముందు కొన్నది మడ్‌గార్డు. బూడిద రంగుది. ఒక్కటే చాలన్నారు. జత తీసుకోండయ్యా అంటే, వద్దు, రెండూ ఒకేలా ఉంటే బాగుండదు అన్నారు. అదేం మనిషో అనుకున్నాను.”

మడతక్క సైకిలు పట్టుకుని వెనక్కి తిరిగింది. తర్వాత మెల్లగా ఆసుపత్రి వైపు నడిచింది. తనకి సెలవు రోజే అయినా పిచ్చుకకి ఆ పూట డ్యూటీ ఉంది. సైకిలు బాయిలరు గోడకి ఆనించి ఉంది. తాళం లేదు. ‘ఈ డొక్కుని ఎవడెత్తుకెళ్తాడక్కా’ అని పిచ్చుక రోజూ అనే మాటే.

మడతక్క దాని పక్కన చతికిలబడింది. ఆమె చేతుల్లో ఎన్ని తుప్పు మరకలు నలిగాయో లెక్కలేదు. మంచాల ఇనుప చువ్వల నుంచి దుప్పట్లకి అంటుకునేవి. తుప్పంటే వేలికి పొడి రాలాలి, తడి తగిలితే ఇనుప వాసన రావాలి. బొటనవేలితో రుద్దింది. పొడి లేదు. వాసన లేదు. నున్నగా తగిలింది. గోటితో గీకితే సన్నటి పొరలా లేచింది. కింద ముదురు నీలం, అద్దంలా మెరుస్తూ. ఇన్నాళ్ళు తొక్కింది, చెత్తది కదా అని ఒక్కసారైనా గుడ్డ పెట్టి తుడవలేదు. చైను కవరు మూత ఊడదీసింది. గలగలమంటున్నది చిన్న నట్టు. దానికోసం లోపల ప్రత్యేకంగా చిన్న గూడు కట్టి ఉంది. ఆ గూడు గులాబి రంగు మైనంతో కట్టారు.

చిగుళ్ళ రంగు. లోకంలో ఆ మైనం వాడే మనిషి ఆమెకి తెలిసి ఒక్కడే.

మర్నాడు పని దిగి నేరుగా ల్యాబుకి వెళ్ళింది. పళ్ళ మేస్త్రి ఎవరిదో కింది దవడ చేతిలో పట్టుకుని వెలుతురులో తిప్పి చూస్తున్నాడు. ఆమె కొంగున కట్టి తెచ్చిన మైనం ముద్ద తీసి బల్ల మీద పెట్టింది.

“వంతెన కిందవాడు చిగుళ్ళు కూడా అమ్ముతాడా?”

ఆయన దవడ కింద పెట్టాడు.

“కొత్తదని చెబితే ఎక్కేదానివా?”

“ఎక్కేదాన్ని కాదు.”

“నిజం డొక్కుదైతే?”

“ఎక్కేదాన్ని. చూశారుగా, మెరక మీద చచ్చేదాన్ని.”

“మరి నన్నేం చెయ్యమంటావు? నాకొచ్చిన పని ఇదొక్కటే.” దవడ వైపు చూపించాడు. “అరవై ఏళ్ళ నోట్లో ఇరవై ఏళ్ళ పళ్ళు పెడితే వీధిలో పోయేవాడు కూడా పట్టేస్తాడు. కొంచెం అరగదియ్యాలి. ఒక పన్ను వంకరగా పెట్టాలి. సిగరెట్లు తాగేవాళ్ళకి గోధుమ రంగు పుయ్యాలి. ఆ రంగే వేశాను. గేర్లు చక్రం నడిమధ్యలో దాగి ఉంటాయి, బయటికి కనిపించవు. వెతికి వెతికి అలాంటిది తెచ్చాను.”

“నన్ను కూడా పేషెంటుని చేసేశారన్నమాట.”

“దొంగ కోసం వేశానే ఆ వేషం. నీ కోసం కాదు.”

“దొంగ ఎక్కడ మోసపోయాడు? మోసపోయింది నేను!” అంది మడతక్క. “సైకిలు సంగతి పోనివ్వండి. మోకాలు బాగైపోయిందని పదిమందికీ చూపించుకుని తిరిగాను. ఆ రోజైనా చెప్పొచ్చు కదా. అది నయం కాలేదే పిచ్చిదానా, సైకిలు మంచిదీ అని.”

ఆయన చేతులు తుడుచుకున్నాడు.

“నువ్వు మెట్లు గబగబా ఎక్కుతున్నావు. కూనిరాగం తీస్తున్నావు. ఎలా చెప్పనే? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఆ రేపు వచ్చేలోగా నువ్వు దాన్ని దానం చేసేశావు.”

“లాండ్రీలో సగం మంది ఆ నూనె కొన్నారండీ!”

ఆయన మూతి బిగించి ఆపుకోబోయాడు, ఆగలేదు. నవ్వు తన్నుకొచ్చింది. ఆమె నవ్వకూడదనే అనుకుంది. ఎదురుగా బల్ల మీద ఆ దవడ కూడా పళ్ళికిలించి ఉండేసరికి ఆమె వల్ల కాలేదు.

నవ్వినంత మాత్రాన కోపం పోయిందనుకుంటే పొరపాటు. కొన్నాళ్ళు ఆయన ఏది తెచ్చినా గోటితో గీకి చూసింది. కూరగాయలు కూడా. మోకాలికి నూనె రాయబోతే కాలు వెనక్కి లాక్కుంది.

అంతకంటే పెద్ద చిక్కు పిచ్చుకది. ఆ సైకిలు వెనక్కి తెచ్చుకుందామా అని పళ్ళ మేస్త్రి ఒక్కసారి నసిగాడు. మడతక్క చూసిన చూపుకి మళ్ళీ ఆ మాటెత్తలేదు. పిచ్చుక వెనక క్యారేజీకి చిన్న సీటు కట్టించింది. పిల్ల తల్లి నడుం పట్టుకుని శిశుగృహం దాకా పాటలు పాడుతూ వెళ్తోంది. దుప్పటి మళ్ళీ బిగువుగా లాగుతోంది. నిజం చెబితే ఆ సాయంత్రానికే సైకిలు తెచ్చి వాకిట్లో పెట్టి పోతుంది, గంట కూడా తుడిచి మరీ. చెప్పకపోతే తాళం వెయ్యదు. తాళం లేని కొత్త సైకిలు రోజంతా గోడకి ఆనించి ఉంటుంది. దాని మీద తుప్పు వేషం ఎన్నాళ్ళుంటుంది?

ఏ బాధ వద్దని ఒట్టు పెట్టుకుందో ఆ బాధే మళ్ళీ వచ్చి పడింది. ఈసారి తనది కూడా కాని సైకిలు కోసం. దుప్పటి దులిపిన ప్రతిసారీ మడతక్క కిటికీలోంచి తొంగిచూడటం మొదలుపెట్టింది.

“ఎవరి కోసమక్కా చూస్తున్నావు?” అనేది పిచ్చుక.

“వాన వస్తుందేమోనే.”

“నెత్తి మీద ఎండ పేలిపోతోంది!”

“మరి నువ్వు తొక్కే సైకిలు మాటేమిటి పెద్దమ్మా?” అని చెల్లెలి కూతురు మధ్యలో అడిగింది. దుప్పట్లన్నీ అయిపోయాయి. దిండు గలీబులు మిగిలాయి.

“కొన్నాంలే. ఈసారి నేనూ వెళ్ళాను దుకాణానికి. ధర నా కళ్ళతో చూశాను. ఆ రాత్రి ముద్ద దిగలేదు. మర్నాడు మెరక ఎక్కాక దిగింది.”

“అయితే ముందు చెప్పిన లెక్క తప్పన్నమాట.”

“తప్పు కాదే, సగం. పోయిన రోజు ముద్ద దిగుతుందా అని ఒక్కటే చూసుకున్నాను నేను. పోని రోజులు కూడా ఉంటాయి కదా. రోజూ ఎక్కి దిగే కాలు మాటేమిటి? కాబట్టి గొంతునీ అడుగు, మోకాలినీ అడుగు. రెండూ సరేనన్న చోట ఆగు. అంతే నాకు తెలిసింది.”

“దానికీ తుప్పు వేశారా పెదనాన్న?”

“వెయ్యక? కానీ ఎక్కడ పట్టాలో నేను చెప్పాను” అంది మడతక్క కాస్త గర్వంగా. “ఆయన ఒళ్ళంతా పులిమేశాడు మొదటిదానికి. నీళ్ళు నిలిచే చోట కదా తుప్పు పట్టేది? కీళ్ళ దగ్గర, నట్ల కింద. మరకల సంగతి మరకల్లో బతికేవాళ్ళని అడగాలి.”

“ఒప్పుకున్నానుగా” అన్నాడు పళ్ళ మేస్త్రి కిటికీ దగ్గర నుంచి. కుంచె కడిగి పెట్టి, చేతిలోని వస్తువుని ఒక్కసారి ఊది, రెండు వేళ్ళతో పట్టుకుని లేచి వచ్చాడు. “ఇంకొంచెం ఆరాలి. చూడు, సరిపోయిందా?”

అదొక తాళం. చేతికి అరకేజీ బరువు తగిలేంత లావు, బొటనవేలంత కడ్డీ. ఎక్కడో పాతాళంలోంచి తవ్వి తీసినంత పాతగా ఉంది. అంచుల్లో తుప్పు, మధ్యలో చేతులు పడి పడి అరిగినట్టు నునుపు, పక్కన ఒక సొట్ట నీడ. పిల్ల ముట్టుకోబోయింది.

“వేళ్ళు తగలనీకు!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మడతక్క దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. తాళంచెవి పెట్టే చోట ఇంకొంచెం నల్లగా ఉండాలంది. ఆయన పోయి చుక్క వేసి తెచ్చాడు. దుకాణంలో అన్నిటికంటే గట్టి తాళం అది. దాని ధర విన్నప్పుడు కూడా మడతక్కకి గొంతులో ఏదో అడ్డుపడింది. అయినా ఈ అబద్ధాన్ని తనే అడిగి చేయించుకుంది. భర్తకి ఎలా అనిపించి ఉంటుందో అందులో వేలు పెట్టాకే ఆమెకి తెలిసింది. తెలిసిందని ఆయనతో మాత్రం అనలేదు. తాళం కొన్న రాత్రి నూనె రాయడానికి కాలు చాపింది, అంతే.

పిల్ల బయల్దేరడానికి లేచింది. మడతక్క తాళాన్ని పాత గలీబులో వదులుగా చుట్టి, తాళంచెవులు రెండూ విడిగా పొట్లం కట్టి, ఆమె సంచిలో పెట్టింది.

“నువ్వు వెళ్ళే దారే. వంతెన దాటాక సందులో, నీలం తలుపు. పిచ్చుకకి ఇవ్వు. ఇంట్లో అటక మీద ఎన్నాళ్ళనుంచో పడి ఉంది, మా పెద్దమ్మ పారెయ్యబోతుంటే నేనే ఆపాను అని చెప్పు. డొక్కు సైకిలుకి డొక్కు తాళం, జతగా బాగుంటుందను. నవ్వు మాత్రం రానివ్వకు, నీ మొహం నిలవదు. ఇంకోటి. నిన్న దుప్పటి మడతపెడుతూ అంటోంది, సెలవు రోజున కూర్చుని గరుకు కాగితంతో ఆ తుప్పంతా గీకి తళతళలాడిస్తుందట. ఎలాగైనా ఆపు తల్లీ. తుప్పు గీకితే ఇనుము బలహీనపడుతుందని చెప్తావో, పెద్దమ్మ గుర్తుగా అలాగే ఉంచమని చెప్తావో, నీ ఇష్టం. గరుకు కాగితం కనబడితే మాత్రం అడిగి ఇటు పట్టుకొచ్చెయ్. పెదనాన్నకి పళ్ళు అరగదియ్యడానికి కావాలని చెప్పు.”